ముందు గది, కిటికీ పక్క

వద్దు మాస్టారూ, నేను కూర్చోను. ఎన్నిసార్లు చెప్పమంటారు? ఆ కుర్చీలో కూర్చుంటే అది తనంతట తనే అద్దం వైపు తిరిగిపోతుంది. మీతో మాట్లాడదామని వచ్చి నా మొహంతో నేనే మాట్లాడుకోవాలి. సెలూన్‌లో పౌర రక్షణ కేంద్రం పెట్టాలన్న ఆలోచన ఏ మహానుభావుడికి వచ్చిందో గానీ, ఒక మామూలు చెక్క స్టూలు తెప్పించాలన్న ఆలోచన మాత్రం ఆయనకి రాలేదు.

మీరేనా? సరే. అయితే మిమ్మల్నే అంటున్నాను.

నవ్వకండి. నవ్వించడానికి రాలేదు.

మంచినీళ్ళు కూడా వద్దండీ. నాలుగు రోజులుగా ఎవరి గుమ్మం తొక్కినా గ్లాసుతో ఎదురొస్తున్నారు. మనిషి పోయిన ఇంటివాళ్ళకి దాహం ఎక్కువని ఎవరు చెప్పారో వీళ్ళకి!

ఏడవడానికి కూడా రాలేదు. అది ముందే చెప్పేస్తే మీకూ భయం తీరుతుంది. పక్కింటి అత్తయ్య నిన్న నా గడ్డం పట్టుకుని, "ఏడవ్వే తల్లీ, ఒక్కసారి ఏడిస్తే గుండె బరువు దిగుతుంది" అని బతిమాలింది. నేనేం చేశాననుకున్నారు? ఆవిడ భుజం మీద సున్నం అంటుకుని ఉంటే, ఈ సున్నం మా గోడదా వాళ్ళ గోడదా అని చూస్తూ నిలబడ్డాను. మాదే. వాళ్ళ గోడలకి నీలిరంగు.

మేస్త్రి గారి గురించి మాట్లాడడానికి వచ్చాను.

చూశారా, మొహం తిప్పేశారు. అటు తిరిగినా లాభం లేదు, అద్దంలో కనిపిస్తూనే ఉన్నారు. బాంబు అదురుకి పగలకుండా కాగితం ముక్కలు అడ్డంగా అంటించడం వల్ల నాలుగు భాగాలుగా కనిపిస్తున్నారు, అంతే తేడా.

పొద్దున్న మీరు ఆ అద్దానికి అంటించిన నివేదిక చదివాను. మీ చేతిరాతే. చిన్నప్పుడు పలక మీద మా చేత దిద్దించిన ఆ గుండ్రటి రాతే. "తవ్వకపు దళం నాయకుడు ఇంటి కార్డులోని వివరాన్ని సరిగా గ్రహించకపోవుట వలన జాప్యము జరిగినది. వారిని బాధ్యతల నుండి తప్పించడమైనది." ఒక్క అక్షరం కొట్టివేత లేదు. మీకు కొట్టివేతలంటే అసహ్యం కదా.

దాని కిందే, తువ్వాళ్ళు తగిలించే కొక్కేనికి, ఆయన హెల్మెట్టు. పక్కన ఈల. ఆ ఈల తాడు చూశారా ఎప్పుడైనా? ఒకచోట నలిగి పోగులు వచ్చేసింది. ఇటుకలు మోసేటప్పుడు చేతులు ఖాళీ ఉండవని ఆయన దాన్ని పళ్ళతో పట్టుకునేవారు.

మీరు అడిగినప్పుడు ఆయనేమన్నారు?

తల వంచుకుని నిలబడ్డారా? అవును, అలాగే నిలబడి ఉంటారు. నాకు తెలుసు.

ఇప్పుడు అక్కడి నుంచే వస్తున్నాను. బడి ప్రహరీ గోడ కడుతున్నారు. నన్ను చూసి తాపీ పక్కన పెట్టి చేతులు కడుక్కున్నారు. నేను నివేదిక సంగతి ఎత్తగానే, "పోనీలే అమ్మాయ్, ఆ హెల్మెట్టు ఎలాగూ నా తలకి బిగువే. రోజూ నొసటి మీద గీత పడుతోందని మా ఆవిడ గొడవ" అన్నారు. నేను కదలకపోయేసరికి ఇంకో మాట అన్నారు. "ఇల్లు నీది పోయింది. ముసలమ్మ నీది పోయింది. మాట కూడా నీకే రావాలా? నాకు రానీ. నా వీపు వెడల్పు."

అని మళ్ళీ తాపీ అందుకున్నారు.

మాస్టారూ, మేస్త్రి గారికి చదువు రాదు. మీకు తెలుసు, నాకు తెలుసు, మా వీధిలో కుక్కలకి కూడా తెలుసు. చదవడం రానివాడు కార్డుని తప్పుగా ఎలా గ్రహిస్తాడండీ? చదివి వినిపించిందెవరో మీరు అడగలేదేం?

నేను చదివాను.

ఆగండి. అప్పుడే చెయ్యి ఎత్తకండి. మొదటి నుంచీ చెప్పనివ్వండి. మా నానమ్మ అనేది, కథని తోక పట్టుకుని లాగితే తలకాయ రాదు, తోకే ఊడొస్తుంది అని. మొదటి నుంచే చెప్తాను.

ఇంటికో కార్డు ఉండాలన్నది నా ఆలోచనే. మీకు గుర్తుందా? చెరుకు మిల్లు వెనక వీధిలో ఇల్లు కూలినప్పుడు, ఎక్కడ తవ్వాలో తెలియక పొద్దు పోయేదాకా తవ్వారు. ఆ మర్నాడు నేనన్నాను, ఏ ఇంట్లో ఎవరు పగలు ఎక్కడుంటారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, ముందే రాసి పెట్టుకుంటే సూటిగా అక్కడికే వెళ్ళొచ్చు కదా అని. మీరు ఈ గల్లా బల్ల మీద చరిచి, "భేష్" అన్నారు. బడిలో ఎన్నడూ అనలేదు. పదేళ్ళ తరవాత అన్నారు. ఆ రోజు ఇంటికి ఎలా నడిచి వెళ్ళానో నాకు తెలియదు, కాళ్ళు నేల మీద లేవు.

ముప్ఫై ఎనిమిది కార్డులు రాశాను. బిస్కెట్ల డబ్బాలో వరసగా. ప్రతి సోమవారం వీధంతా తిరిగి, మార్పులుంటే పెన్సిలుతో దిద్దడం. పెద్దాఫీసరు వచ్చి చూసి, "అచ్చు వేసినట్టుందే, ఎవరి చేతిరాత?" అన్నారు. ఊరంతటా ఇలాగే చేయిస్తామన్నారు. రేపు ప్రశంసాపత్రం పట్టుకుని మళ్ళీ వస్తున్నారట. అద్దాలు తుడిపించారు కూడాను మీరు.

సరే. తరవాత సామాను సంగతి.

ఇక్కడ చోటు చాలడం లేదు. ఇసుక తడిసిపోతోంది. బకెట్లు, చేతిపంపులు, గొట్టాలు, ఆ గడ్డపారలు, అన్నీ గుమ్మంలోనే. ఎవరింట్లోనైనా ఒక గది దొరికితే బాగుండునని మీరన్నారు. పదిమంది ఉన్నాం. తొమ్మిదిమంది తమ చెప్పుల వంక చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను.

మా ముందు గది. అది నానమ్మ గది. నానమ్మని అడగలేదు. ఇంటికి వెళ్ళి చెప్పాను.

ఏమందా? ఏమంటుంది! కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "అయితే నా మంచం మీద బకెట్లు పడుకుంటాయన్నమాట. దుప్పటి కప్పాలా, వాటికి ఉక్కపోస్తుందా?" అంది. తన కర్రా, తన ట్రంకుపెట్టే, తన దిండూ తీసుకుని మెట్ల కింద చేరింది. అక్కడ ఒక చెక్క బల్ల ఉండేది. మీ కేంద్రం మూలంగా నాకు గుహ దొరికింది, ఇంక తపస్సు చేసుకుంటానని వచ్చేపోయేవాళ్ళతో పరాచికాలు. వంగి వెళ్ళాలి, వంగి రావాలి. మోకాళ్ళు అంతంతమాత్రం. నేను పట్టుకుని బయటికి తీసేదాన్ని.

సైరన్ మోగితే ప్రింటింగ్ ప్రెస్సు నేలమాళిగకి రమ్మంటే రాదు. "నన్ను మోసుకెళ్ళేలోగా ఆ విమానం వాడు పని చూసుకుని ఇంటికెళ్ళి భోంచేస్తాడు. నువ్వు పో, నీ చేతిపట్టీ కట్టుకుని పో" అనేది.

ఆ వారం సోమవారం వచ్చింది. వీధంతా తిరిగి దిద్దాను. మా ఇంటి కార్డు దిద్దలేదు.

మర్చిపోలేదు మాస్టారూ. ఆ దారి చూపించకండి నాకు. డబ్బాలోంచి కార్డు తీశాను. పెన్సిలు చెక్కుకున్నాను కూడా. "పెద్దావిడ: పగలు, రాత్రి, ముందు గది, కిటికీ పక్క." దాన్ని కొట్టేసి "మెట్ల కింద" అని రాయాలి. రాస్తే పెద్దాఫీసరు చదువుతారు. ఇంటింటికీ తిరిగి రాయించే పిల్ల, తండ్రిని కన్న తల్లిని మెట్ల కింద పడుకోబెట్టింది అనుకుంటారు. పైగా మనుషులుండే ఇంట్లో సామాను పెట్టకూడదని మన నియమావళిలోనే ఉంది, మీరే చదివి వినిపించారు. సామాను సెలూన్ వెనక గదిలో ఉన్నట్టు మీరు రాసుకున్నారు. నానమ్మ ముందు గదిలో ఉన్నట్టు నేను రాసుకున్నాను. రెండూ చక్కగా కుదిరాయి.

కార్డు మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. శుభ్రంగా ఉంది, ఒక్క కొట్టివేత లేదు.

ఆ అల్మారా తలుపు తరవాత వేద్దురు గానీ మాస్టారూ. దిండు అడ్డం వస్తోంది, పడదు. ఇటు వినండి.

నా ఒక్కదానిదే తప్పుడు కార్డు అనుకున్నాను. పొద్దున్న మీ నివేదిక చదివాక నాకేం తోచిందో తెలియదు, డబ్బా చంకన పెట్టుకుని మళ్ళీ ఇంటింటికీ వెళ్ళాను. గుమ్మంలో నిలబడి ఒకటే మాట అడిగాను. "నిజంగా ఎక్కడ పడుకుంటారు?" అంతే. నా మొహంలో ఏముందో మరి, ఎవరూ ఎదురడగలేదు. చెప్పేశారు.

దర్జీ దంపతులు వెనక గదిలో ఒకే మంచం మీద అని రాయించారా? ఆరేళ్ళుగా ఆయన కొట్లో గుడ్డలు కత్తిరించే బల్ల మీద పడుకుంటున్నాడు. ఆవిడ చెబుతుంటే ఆయన సూదిలో దారం ఎక్కిస్తూనే ఉన్నాడు, తల ఎత్తలేదు. రిటైరైన స్టేషను మాస్టారు గారు మేడ మీద గది అన్నారు. మేడంతా అద్దెకిచ్చి వంటింట్లో చాప వేసుకుంటున్నారు. మన పహిల్వాన్ ఉన్నాడు కదా, డాబా మీద ఆరుబయట, భయమేమిటి నాకు అని ఛాతీ విరుచుకుని రాయించాడా? వాళ్ళమ్మ మంచం కింద పడుకుంటున్నాడట. ఆ ఒళ్ళు మంచం కింద ఎలా పట్టిందో నాకర్థం కాలేదు. "ఊపిరి వదిలేసి దూరతానక్కా" అన్నాడు. కళ్ళు నేల మీద పెట్టుకుని అన్నాడు, పాపం.

ముప్ఫై ఎనిమిదిలో పంతొమ్మిది. సగం వీధి మాస్టారూ. ఎక్కడుండాలని ఉందో అక్కడున్నట్టు రాయించుకున్నారు. నేను గుండ్రంగా రాశాను. బాంబు పడితే మనం సూటిగా వెళ్ళి, వాళ్ళ పరువున్న చోట తవ్వుతాం.

మా నానమ్మ కథ ఒకటుంది. వింటారా? పెద్దది కాదు.

అనగనగా ఒక రాజు. చూపు మందగిస్తోంది. పూర్తిగా పోకముందే కుమ్మరిని పిలిపించి, తన ఊరంతా మట్టితో బొమ్మ చేయించుకున్నాడు. ఇల్లిల్లూ, సందుసందూ, వేళ్ళతో తడిమి తడిమి కంఠతా పట్టాడు. చూపు పోయింది. అయినా దర్జాగా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఊళ్ళో తిరిగేవాడు. కానీ ఆ కుమ్మరి ఒక్క బావిని మాత్రం ఎడమ పక్క పెట్టాల్సింది కుడి పక్క పెట్టాడు. ఒకరోజు రాజు కుడివైపు నడిచి వెళ్ళి, చెయ్యి చాపి, "ఇక్కడ బావి ఉండాలే?" అన్నాడు. బొమ్మ తప్పని ఎవరంటారు? తెల్లారేసరికి అక్కడ ఒక గొయ్యి తవ్వి, గట్టు కట్టి, చేద వేలాడదీశారు. నీళ్ళు పడలేదు. మర్నాడు రాజు వచ్చి చేద పైకి లాగి, దోసిలి పట్టి, తాగి, "ఎంత తియ్యటి నీళ్ళు!" అన్నాడట. వెంట వచ్చినవాళ్ళు కూడా దోసిళ్ళు పట్టి వరసగా తాగారట.

"మరి దాహం తీరిందా నానమ్మా?" అని అడిగేదాన్ని.

"ఊ కొట్టడం మానేసి ప్రశ్నలేమిటే? నీ పని ఊ కొట్టడం. దాహం సంగతి రాజు చూసుకుంటాడు" అనేది.

ఊ కొట్టకపోతే ఆవిడ కథ చెప్పేది కాదు. నిద్రలో జోగుతుంటే మంచం పట్టె మీద వేలి కణుపుతో కొట్టేది. టక్, టక్, టక్. మూడే. నేను ఉలిక్కిపడి "ఊఁ" అంటే, అప్పుడు మళ్ళీ కథ నడిచేది.

ఆ రోజు సంగతికి వస్తున్నాను. కంగారు పడకండి, చెప్తాను.

పదకొండుంబావుకి కదా పడింది. నేను ఇక్కడే, ఈ ఫోను దగ్గర ఉన్నాను. మా వీధి పేరు ఫోనులో నాకే చెప్పారు. నేనే రాసుకున్నాను. మీరు నా వంక చూసి "వెళ్ళు" అన్నారు. డబ్బాలోంచి మా కార్డు తీసుకుని వెళ్ళాను. పరిగెత్తలేదు. పరిగెత్తినట్టు అందరూ చెప్పుకుంటున్నారట. నడిచాను. ఎందుకో మరి, కార్డు నలుగుతుందని రెండు చేతులతో పట్టుకుని నడిచాను.

ఇల్లు లేదు. ముందు భాగమంతా వీధిలోకి కూర్చుండిపోయింది. కిటికీ ఊచలు పైకి వచ్చి ఉన్నాయి. మెట్లు మాత్రం కనిపిస్తున్నాయి, పై నాలుగు మెట్లు. వాటి మీద ఏ భారమూ లేనట్టు, ఆకాశంలోకి ఎక్కడానికి వేసినట్టు.

మేస్త్రి గారు, నలుగురు మనుషులు. అప్పటికే వచ్చేశారు. "ఏం రాసుంది అమ్మాయ్?" అన్నారు.

చదివాను. "ముందు గది, కిటికీ పక్క."

అక్కడ మొదలుపెట్టారు. మీరు చూడలేదు, ఎలా తవ్వారో చెప్తాను. గడ్డపార వేయనివ్వలేదు ఆయన. కింద మనిషి ఉంటుందని చేతులతోనే. ఒక్కొక్క ఇటుకా తీసి, వెనక్కి అందించి, బుట్టలో పెట్టి. పిల్లి పిల్లల్ని ఎత్తినట్టు ఎత్తారు ఇటుకల్ని. గోళ్ళు చిట్లి రక్తం వస్తుంటే సున్నంలో అద్దుకున్నారు. రెండు గంటలు. రెండు గంటల తరవాత ఆయన చేతికి ఏదో గుండ్రంగా తగిలింది. "దొరికింది" అని అరిచారు. వీధిలో ఎవరో గట్టిగా ఏడ్చారు, నేను కాదు.

బకెట్టు.

దాని పక్కన ఇంకో బకెట్టు. ఒకదాంట్లో ఒకటి, మనం పేర్చినట్టే, ఎర్రరంగు. ఇసుక సంచులు. చేతిపంపులు. అన్నీ భద్రంగా ఉన్నాయి. మీకు తిరిగి చేరాయి కదా, ఒక్కటీ పోలేదు.

ఆయన మూడో బకెట్టు ఎత్తి పక్కన పెట్టి, లేచి నిలబడ్డారు. నా వంక చూశారు. నేరుగా మెట్ల దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నారు.

అక్కడే ఉంది. మెట్లు చెక్కుచెదరలేదు. బల్ల మీద కూర్చుని ఉంది, గోడకి ఆనుకుని, కర్ర చేతిలో పట్టుకుని. డాక్టరు గారు చూసి ఒంటి మీద గాయం లేదన్నారు. దుమ్ము, గాలి చాలకపోవడం, అంతే అన్నారు. ఎప్పటిదాకా ఉండి ఉంటుందని అడిగాను. ఒంటిగంట దాకా ఉండొచ్చు అన్నారు. మెట్ల దగ్గరికి ముందే వెళ్ళి ఉంటే ఎంతసేపు పట్టేది అని మేస్త్రి గారిని అడిగాను, ఆయన వినిపించనట్టు చేతులు కడుక్కున్నారు. ఆయన మనుషుల్లో ఒకాయన్ని అడిగాను. ముప్పావుగంట అన్నాడు. అని నాలిక కరుచుకున్నాడు.

తవ్వడం మొదలు పదకొండున్నర, ముప్పావుగంట. పన్నెండుంబావు. చిన్నపిల్లలు చేసే లెక్క. మీరే నేర్పారు.

ఏమిటండీ? కార్డు పాతబడింది, దిద్దడం కుదరలేదు అని రాస్తారా? "కుదరలేదు" అనా? అంటే మేస్త్రి గారి పేరు తీసేస్తారు, నా పేరూ రాదు. కార్డుదే తప్పు. పాపం కార్డు.

రేపు పెద్దాఫీసరు ముందు గొడవెందుకంటారు. మేస్త్రికి కోపం లేదుగా అంటారు. అవును, లేదు. కోపం ఉంటే నేను ఇక్కడికి వచ్చేదాన్నే కాదు. ఆయనే వచ్చి చెప్పుకునేవారు, నేను ఇంట్లో కూర్చునేదాన్ని. ఇంట్లో అంటే, అత్తయ్య వాళ్ళింట్లో.

యుద్ధం నుంచి నాన్న ఉత్తరం వచ్చింది నిన్న. పోస్టులో ఆలస్యమై వచ్చింది. "అమ్మకి కిటికీ దగ్గర గాలి తగులుతోందా?" అని అడిగాడు. జవాబు రాయాలి. ఏమని రాయమంటారు?

నాకు తెలిసింది అంతా ఇంకా చెప్పలేదు మాస్టారూ. కార్డు సంగతి చెప్పి వెళ్ళిపోదామనే వచ్చాను. దారిలో అదే అనుకుంటూ వచ్చాను. కార్డు దిద్దలేదు, అదే నా తప్పు, అంత చెప్తే చాలు అని. మీరు "కుదరలేదు" అన్నారు చూడండి, దానివల్ల చాలకుండా పోయింది.

పన్నెండు అవుతోంది. తవ్వడం మొదలుపెట్టి అరగంట కాలేదు. మేస్త్రి గారు ఈల ఊదారు. ఆ ఈల ఊదితే అందరూ కదలకుండా ఉండాలి, కింద నుంచి ఏదైనా చప్పుడు వస్తుందేమోనని వినడానికి. వీధంతా ఆగిపోయింది. బుట్ట అందుకోబోయినవాడు చేతులు చాచే ఉండిపోయాడు. ఎక్కడో కుళాయి కారుతోంది.

అప్పుడు వినిపించింది.

టక్, టక్, టక్.

మూడే.

మేస్త్రి గారు తల ఎత్తారు. నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా, మెల్లిగా అడిగారు. "అమ్మాయ్, మెట్ల వైపు నుంచి ఏదో చప్పుడు. ఆ కార్డు అవతల పెట్టు. నీ ఇల్లు ఇది. నీ నోటితో నువ్వు చెప్పు, ముసలమ్మ ఎక్కడుంటుంది?"

ఇంతకంటే ఎవరైనా ఎలా అడుగుతారు మాస్టారూ? ఎంత తేలిక ప్రశ్న! ఒక్క మాట. కనీసం చెయ్యి చూపించినా సరిపోయేది.

వీధంతా నా వంకే చూస్తోంది. దర్జీ ఆవిడ, స్టేషను మాస్టారు గారు, పహిల్వాన్, అందరూ. నేను కార్డు వంక చూశాను. అక్షరాలు ఎంత బాగున్నాయో! ఒక్కటీ గీత దాటలేదు. అంత చక్కగా రాసినది అబద్ధం ఎలా అవుతుందనిపించింది. ఆ క్షణం నాకు నిజంగానే అనిపించింది, నానమ్మ ముందు గదిలోనే ఉంది, కిటికీ పక్కన, గాలి తగులుతూ. మెట్ల కింద ఎవరూ లేరు.

"ముందు గది, కిటికీ పక్క" అన్నాను.

ఆయన మళ్ళీ మెట్ల వైపు చూశారు. తరవాత, "చదువుకున్న పిల్లవి" అని, వెనక్కి వెళ్ళి ముందు గదిలోనే కూర్చున్నారు.

ఆ చప్పుడు ఇంకోసారి వచ్చింది. అప్పటికి మళ్ళీ ఇటుకలు కదులుతున్నాయి. నాకొక్కదానికే వినిపించి ఉంటుంది. ఊ కొట్టవేమే అని అడిగింది. నేను కొట్టలేదు.

అంతే.

ఎందుకని అడగకండి. నాలుగు రోజులుగా నేనూ అడుగుతున్నాను, చెప్పేవాళ్ళు లేరు. ఇక్కడ, ఈ పక్కటెముకల కింద, ఏదో ఉండాల్సిన చోట ఏమీ లేదు. చలిలో చెయ్యి తిమ్మిరెక్కినట్టుంది. గిల్లినా తెలియడం లేదు.

ఈ చేతిపట్టీ తీసుకోండి. ఉతికాను. ఇంకా తడిగా ఉంది, ఎక్కడైనా ఆరెయ్యండి. ఇవి కొత్త కార్డులు. అన్నీ కొట్టివేతలే, చూడడానికి బాగుండవు. పెద్దాఫీసరుకి ఇవే చూపించండి. ప్రశంసాపత్రం నాకొద్దు. మేస్త్రి గారి హెల్మెట్టు నేను తీసుకెళ్తాను. బిగువుగా ఉందన్నారుగా, లోపలి తోలుపట్టీ కాస్త వదులు చేసి ఇస్తాను.

ఆ కాగితం తీయండి అద్దం మీంచి. దళం నాయకుడు అన్న మాట కొట్టేసి నా పేరు రాయండి. కొట్టివేత ఉంటే ఉండనివ్వండి మాస్టారూ, కొంపలేం మునగవు.

కొంపలేం మునగవట. విన్నారా ఏమన్నానో!

ఇంక ఒక్క కార్డే మిగిలింది. మీది. "అన్నగారి ఇల్లు, మేడ మీద, తూర్పు గది" అని మీరే మీ చేత్తో రాసిచ్చారు. పొద్దున్న మీ వదినగారు గుమ్మంలోనే నిలబడి, "ఆ గదికి తాళం వేసి ఏడాదైంది" అన్నారు. వెంటనే తలుపు వేసుకున్నారు. నేనేం అడగను. ఆ అల్మారాలో దిండెందుకుందో అడగను. ఈ కుర్చీ వెనక్కి వాల్చి ఉండడం కూడా నేను చూడలేదు.

పెన్సిలు చెక్కే ఉంది. చెప్పండి మాస్టారూ. నిజంగా ఎక్కడ పడుకుంటారు?